పని వెతికే ముందు వాణ్ని ఒక్కడినే బస్సెక్కనివ్వండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అబ్బాయికి 21 ఏళ్లు. బుద్ధిమాంద్యం, సదరంలో, అంటే వైకల్య సర్టిఫికెట్‌లో 50 శాతం వేశారు. ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాడు. మూడేళ్లుగా గాజువాకలో ఇంట్లోనే టీవీ, ఫోనుతో గడుపుతున్నాడు. మీవారు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తారు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. "వీడికి గవర్నమెంటు ఉద్యోగం వస్తుందా, రాకపోతే ఎక్కడ పెట్టాలి, ఇంట్లోవాళ్లం మేం ఏం చేయాలి" అని అడిగారు.

నేను విశాఖలో 22 ఏళ్లుగా ఇలాంటి పిల్లల మధ్యే ఉన్నాను. మొదటి పన్నెండేళ్లు స్పెషల్ టీచర్‌ని. ఆ తర్వాత నుంచి, చదువు అయిపోయిన పిల్లల్ని పనుల్లో చేర్చి, కొన్నాళ్లు వాళ్ల పక్కనే నిలబడి నేర్పించడం నా పని. మా తమ్ముడికి పుట్టుకతో వినబడదు, కాబట్టి ఇంట్లోవాళ్ల బాధ కూడా తెలుసు. కాస్త సూటిగా రాస్తాను, ఏమీ అనుకోకండి. ఇంకో మాట. ప్రభుత్వం ఒకసారి వికలాంగులంటుంది, ఒకసారి దివ్యాంగులంటుంది, మన రాష్ట్రంలో శాఖ పేరు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ. నేను నోటికొచ్చింది రాసేస్తాను. పిలిచే పేరు మారినంత మాత్రాన పని దొరికిన పిల్లాణ్ని నేనింకా చూడలేదు.

మీరు రాసినదాంట్లో ఉద్యోగం గురించిన మాటల కన్నా ఇంకో మాట దగ్గర నేను ఆగిపోయాను. "ఒక్కణ్నీ వీధి చివరి దాకా కూడా పంపం, భయం" అని రాశారు. మీరు అడిగినవాటికి జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందు ఆ 50 శాతం సంగతి. చాలామంది తల్లిదండ్రులు దాన్ని "సగం పని చేయగలడు" అని అర్థం చేసుకుంటారు. అది కాదు. మన దేశంలో బుద్ధిమాంద్యానికి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు తెలివితేటల పరీక్షతోపాటు, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నాడో చూసే వైన్‌ల్యాండ్ స్కేల్ అనే కొలత వాడతారు. సమస్య తక్కువ స్థాయిలో ఉంటే 50 శాతం, మధ్యస్థంగా ఉంటే 75, తీవ్రంగా ఉంటే 90 వేస్తారు. అంటే మీవాడిది తక్కువ స్థాయి. ఆ కొలతలో అడిగే ప్రశ్నలు ఏమిటనుకున్నారు? స్నానం తనే చేస్తాడా, దుకాణానికి వెళ్లి చిన్న వస్తువు కొంటాడా, ఊళ్లో ఒక్కడే తిరుగుతాడా, ఇలాంటివే. మీరు పంపకపోతే వాడికి రాదు. రాకపోతే కాగితం మీద "రాదు" అని పడుతుంది. ఆ కాగితం చూసి మీరు ఇంకా భయపడతారు. ఇలా తిరుగుతూ తిరుగుతూ 35 ఏళ్లు వచ్చేసినవాళ్లు నాకు తెలుసు.

అందుకని మొదటి మూడు నెలలు ఉద్యోగం ఊసు ఎత్తకండి. ఇంట్లో పని ఇవ్వండి. సాయం చేయడం అనేది వేరు, పని ఇవ్వడం వేరు. "అమ్మకి కాస్త సాయం చెయ్ నాన్నా" అంటే అది వాడి ఇష్టం. "పొద్దున ఆరింటికి పాల ప్యాకెట్లు తేవడం నీ పని" అంటే వాడి బాధ్యత. తేకపోతే ఆ రోజు ఇంట్లో ఎవరికీ కాఫీ ఉండకూడదు. మీరు గబగబా వెళ్లి తెచ్చేశారంటే మొత్తం పాడైపోయినట్టే. ఇది రాయడం తేలిక, చేయడం కష్టమని నాకు తెలుసు. కాఫీ లేకపోతే మీవారు డ్యూటీకి చిరాగ్గా వెళ్తారు. వెళ్లనివ్వండి, ఆ సంగతి ముందే మాట్లాడుకుని పెట్టుకోండి.

ఒక పని కుదిరాక రెండోది. బట్టలు ఆరేసి మడతపెట్టడం, మంచినీళ్ల క్యాన్ తెప్పించి డబ్బులివ్వడం, మేడ మీద మొక్కలకి నీళ్లు. ప్రతి పనికీ ఒక టైము, ఒక ముగింపు ఉండాలి. మధ్యలో మీ మాట వినబడకూడదు. పనిలో పెట్టిన పిల్లలు ఎందుకు నిలబడలేదో నా దగ్గర ఒక నోట్‌బుక్కు ఉంది. అందులో పని రాక మానేసినవాళ్లు తక్కువ. టైముకి లేవలేక, ఒకసారి తిడితే మర్నాడు వెళ్లక, ఎవరూ చెప్పకపోతే తర్వాతి పని మొదలుపెట్టక మానేసినవాళ్లే ఎక్కువ. ఇవి ఏ ట్రైనింగ్ సెంటర్‌లోనూ పూర్తిగా నేర్పలేరు. ఇంట్లో పడాల్సిన అలవాట్లు.

ఇప్పుడు బస్సు గురించి. దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ దీన్నే వదిలేస్తారు. పని దొరికాక రోజూ నాన్న బండి మీద దింపుతాడులే అనుకుంటారు. నాన్నకి షిఫ్ట్ మారుతుంది, నాన్నకి జ్వరం వస్తుంది, వాడి ఉద్యోగం పోతుంది.

మీది గాజువాక కాబట్టి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా వెళ్లడం నేర్పండి. అటు వెళ్లే సిటీ బస్సులు హైవే మీద తిరుగుతూనే ఉంటాయి. మొదటి వారం మీరూ వాడూ కలిసి వెళ్లండి, కానీ మాట్లాడేది వాడు. టికెట్ అడిగేది వాడు. నంబరు చూసేది వాడు. మన ఊళ్లో నంబరు పక్కన అక్షరం మారితే రూటు మారిపోతుందని తెలుసుగా, అందుకని నంబరూ అక్షరమూ కలిపి ఒక కార్డు మీద పెద్దగా రాసి జేబులో పెట్టండి. రెండో వారం బస్సులో మీరు వెనక సీట్లో, వాడు ముందు. వాడు తిరిగి చూసినా మీరు కిటికీ వైపు చూడండి. మూడో వారం వాణ్ని ఎక్కించి, మీవారు బండి మీద బస్సు వెనకాలే వెళ్లి ఎన్‌ఏడీ దగ్గర నిలబడాలి. బీహెచ్‌పీవీ, షీలానగర్, ఎయిర్‌పోర్టు, ఈ మూడూ దాటాక దిగాలని వాడికి గుర్తులు చెప్పండి, స్టాపులు లెక్కపెట్టమనకండి. బస్సు ఆగని స్టాపులుంటాయి, లెక్క తప్పుతుంది. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ కనబడగానే లేచి నిలబడాలి, అంతే.

నాలుగో వారం ఒకసారి కావాలనే దారి తప్పనివ్వాలి. నిజంగానే అంటున్నాను. దారి తప్పితే ఏం చేయాలో ఇంట్లో కూర్చోబెట్టి చెబితే రాదు. దిగాల్సిన చోట దిగకుండా ముందుకు వెళ్లిపోయాడనుకోండి, దిగి, ఫోన్ తీసి, "ఇక్కడ ఏ బోర్డు కనబడుతోందో" చదివి చెప్పగలగాలి. లేదా పక్కనున్న దుకాణాయనకి ఫోన్ ఇవ్వగలగాలి. మెడలోనో జేబులోనో మీ నంబరు ఉండనివ్వండి. నేను నేర్పించిన పిల్లల్లో ఒకబ్బాయి మొదటిసారి దారి తప్పి సింహాచలం వెళ్లిపోయాడు. వాళ్లమ్మ ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. మేం చేరేసరికి వాడు తొలిపావంచా దగ్గర కూర్చుని పులిహోర తింటున్నాడు. అప్పటి నుంచీ వాళ్లమ్మకి భయం సగం తగ్గింది, అబ్బాయికి అసలు పోయింది.

బస్సులో దివ్యాంగులకి ఇప్పుడు ఏ రాయితీ ఉందో సదరం కాగితం, ఆధార్ పట్టుకుని డిపోలో అడగండి. ఇది చదివేవాళ్లలో ఆడపిల్లల తల్లులు ఉంటే, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మీ అమ్మాయికి టికెట్ డబ్బులే లేవు. దూరంగా పని దొరికితే జీతమంతా ఛార్జీలకే పోతుందనే లెక్క ఇప్పుడు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం చేతిలో ఉండాలి.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను. సదరం ఉంటే సరిపోదు, కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ కూడా తీసుకోండి. దేశమంతా చెల్లేది అదే. 40 నుంచి 80 లోపు శాతానికి పసుపు గీత ఉన్న కార్డు వస్తుంది. కనీసం 40 శాతం ఉంటేనే రిజర్వేషన్లు వర్తిస్తాయి. వార్డు సచివాలయంలో, మీ-సేవలో అడిగితే దారి చెబుతారు. కంచరపాలెంలో జిల్లా ఉపాధి కార్యాలయం ఉంది, అక్కడ పేరు నమోదు చేయించి, జాబ్ మేళాలు జరిగినప్పుడు వాడినే తీసుకెళ్లండి. ఉద్యోగం రాకపోయినా, ముక్కూ మొహం తెలియని మనిషి ఎదురుగా కూర్చుని పేరు చెప్పడం అలవాటవుతుంది. వాడి పేరు మీద బ్యాంకు ఖాతా తెరిపించండి. ఖాతా తెరవడానికి బ్యాంకువాళ్లు తటపటాయిస్తే, లేదా డబ్బు విషయంలో వాడికి తోడు కావాలని మీకు అనిపిస్తే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి సంరక్షకుల కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. 18 దాటాక తల్లిదండ్రులు దానంతటదే చట్టబద్ధమైన సంరక్షకులు కారు, ఇది చాలామందికి తెలియదు. అయితే అవసరం లేకపోతే తొందరపడకండి. తన సంతకం తను పెట్టగలిగే పిల్లాడి దగ్గర్నుంచి పెన్ను లాక్కోవద్దు.

ఇక గవర్నమెంటు ఉద్యోగం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో 3 శాతం ఉన్న రిజర్వేషన్ దీంతో 4 శాతమైంది. చూపు సమస్య ఉన్నవాళ్లకి ఒక శాతం, వినికిడి సమస్య ఉన్నవాళ్లకి ఒకటి, కాళ్లూ చేతుల సమస్యలు, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్లకి ఒకటి. చివరి ఒక శాతం మీవాడిది. కానీ అందులో ఆటిజం, మానసిక అనారోగ్యం, చదవడం రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్నవాళ్లు, ఒకటికి మించి వైకల్యాలున్నవాళ్లు కూడా ఉంటారు. రాతపరీక్షలో డిగ్రీ చదివి, చదువులో ఇబ్బంది మాత్రమే ఉన్న పిల్లలతో మీవాడు పోటీ పడాలి. నేను చెప్పేది బాధ కలిగించవచ్చు, కానీ ఆశ పెట్టి పదేళ్లు కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద తప్పు.

అలాగని ప్రయత్నించొద్దనడం లేదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్) పరీక్షకి పది పాసైతే చాలు, దివ్యాంగులకి ఫీజు లేదు, వయసులో పదేళ్ల సడలింపు ఉంది. అర్హత ఉన్నవాళ్లకి రాసిపెట్టేవాళ్లని ఇస్తారు, గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం కూడా ఇస్తారు. ఏ పోస్టుకి ఏ వైకల్యం ఉన్నవాళ్లు అర్హులో కేంద్రం 2021 జనవరిలో జాబితా ఇచ్చింది, దరఖాస్తుకి ముందు అది చూసుకోవాలి. వాడికి చదవడం ఇష్టమైతే రోజుకి ఒక గంట దీనికి కేటాయించండి. మిగతా రోజంతా వేరే పనికి సిద్ధం కావాలి. ఇంకొకటి. "బ్యాక్‌లాగ్ పోస్టు ఉంది, మూడు లక్షలిస్తే చేయిస్తాను" అని ఎవరైనా ఇంటికొస్తే మజ్జిగ ఇచ్చి పంపేయండి. ఈ ఊళ్లో అలా బంగారం తాకట్టు పెట్టి పోగొట్టుకున్న ఇళ్లు నాకు నాలుగైదు తెలుసు. ఏ నోటిఫికేషన్ అయినా పేపర్లో, వెబ్‌సైట్‌లో వస్తుంది, మధ్యవర్తి చెవిలో రాదు.

మరి పని ఎక్కడ దొరుకుతుంది?

నేను చేర్పించిన పిల్లల్లో చాలామందికి మొదటి పని తెలిసినవాళ్ల ద్వారానే దొరికింది. పోర్టల్ ద్వారా కాదు, మేళాలో కాదు. పాలాయన, అపార్ట్‌మెంటు వాచ్‌మెన్, యూనియన్‌లో తోటి మనిషి, గుడి కమిటీ ఆయన. మీవారు ఇన్నేళ్లుగా ప్లాంటులో పనిచేస్తున్నారంటే కనీసం రెండొందల మంది తెలిసి ఉంటారు. వాళ్లలో ఎంతమందికి "మా అబ్బాయి పని వెతుకుతున్నాడు" అని చెప్పారు? చాలా ఇళ్లల్లో అసలు అబ్బాయి ఉన్నాడనే చెప్పరు. మీ ప్రశ్నలో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామని ఒక వాక్యం రాసి, తర్వాత ఏమీ అనలేదు. చెప్పకపోయినా అర్థమైంది. పెళ్లి కుదిరేదాకా వీణ్ని కాస్త లోపలే ఉంచుదామనే ఆలోచన నేను ఎన్ని ఇళ్లల్లో చూశానో. మీకు చెప్పే అధికారం నాకు లేదు. కానీ రేపు ఆ అల్లుడే మీ తర్వాత ఈ అబ్బాయికి బావగా ఉండాలి. దాచిపెట్టి తెచ్చుకున్న బావ కన్నా, రోజూ బేకరీకి వెళ్లి వస్తున్న బావమరిదిని చూసి వచ్చిన బావ మేలు కదా.

పని ఎంచుకునే ముందు ఒక వారం వాణ్ని గమనించి కాగితం మీద రాయండి. ఏ పని చేస్తున్నప్పుడు టైము మర్చిపోతాడు? మనుషుల మధ్య బాగుంటాడా, ఒంటరిగానా? శబ్దం ఎక్కువైతే చెవులు మూసుకుంటాడా? నిలబడి ఎంతసేపు ఉండగలడు? ఒకే పని వంద సార్లు చేస్తే విసుగొస్తుందా, సంతోషంగా ఉంటుందా? ఈ ఆఖరి దానికి వచ్చే జవాబు బట్టే సగం దారి తెలిసిపోతుంది. మనకి విసుగు పుట్టించే పని కొందరు పిల్లలకి ఎంతో హాయిగా ఉంటుంది. కేకు డబ్బాలు మడవడం, ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టి లెక్కపెట్టడం, సూపర్‌మార్కెట్‌లో పాత తేదీ ఉన్న ప్యాకెట్లు ముందుకి, కొత్తవి వెనక్కి సర్దడం. యూనివర్సిటీ దగ్గర జెరాక్సు షాపుల్లో కాగితాలు సర్ది స్పైరల్ వేయడం, ఆటోనగర్‌లో బోల్టులు సైజులవారీగా వేరు చేయడం. ఆరిలోవ హెల్త్‌సిటీ వైపు ఆసుపత్రులు ఎన్నో ఉన్నాయి, వాటి లాండ్రీల్లో, క్యాంటీన్లలో ఇలాంటి పనులుంటాయి. లెమన్ ట్రీ లాంటి హోటళ్లు వినబడనివాళ్లని, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లని పనిలోకి తీసుకుంటాయన్న పేరుంది. అయితే మీరు గాజువాక వాళ్లు, మొదటి పని ఒక్క బస్సు దూరంలో ఉండేలా చూడండి. రెండు బస్సులు మారే పని రెండో ఏడాదికి.

యజమాని దగ్గరికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో ఇంట్లో ఒకసారి అనుకుని వెళ్లండి. తల్లిదండ్రులు ఎక్కువగా చేసే పొరపాటు, జాలి పుట్టించేలా మాట్లాడటం. "ఏదో ఒక మూల కూర్చోబెట్టుకోండి బాబూ, జీతం ఇవ్వకపోయినా పర్లేదు" అంటారు. జీతం వద్దన్న రోజే వాడి పనికి విలువ లేదని మీరే చెప్పినట్టు. వారం రోజులు చూడమని అడగండి, అది న్యాయం. ఆ వారం తర్వాత అందరికీ ఇచ్చినట్టే ఇవ్వాలి. ఒకసారి పూర్ణా మార్కెట్లో ఒక షాపాయన నన్ను మొహమాటం లేకుండా అడిగాడు: "ఈ గుంటడు ఏటి సేస్తాడమ్మా, సెప్పండి ముందు." ఆ ప్రశ్న నాకు నచ్చింది. "రోజుకి నాలుగొందల కవర్లు నింపి సీలు వేస్తాడు, తూకం తప్పడు, డబ్బు లెక్క మాత్రం ఇవ్వకండి" అన్నాను. అంతే, మర్నాడు రమ్మన్నాడు. ఏం వచ్చో, ఏం రాదో, రెండూ చెబితే యజమానికి ధైర్యం వస్తుంది.

నేను చేసిన ఒక పెద్ద తప్పు చెబుతాను. చాలా ఏళ్ల కిందట, ఒకబ్బాయిని ఒక గార్మెంట్ యూనిట్‌లో దారాలు కత్తిరించే పనికి పెట్టాను. మేనేజరు మంచివాడు, ఒప్పుకున్నాడు. నేను చంకలు గుద్దుకున్నాను. కానీ రోజూ వాడి నెత్తి మీద ఉండేది మేనేజరు కాదు, లైన్ సూపర్‌వైజరు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. "ఆ పక్కది, ఇలా, త్వరగా, ఆగు, అది కాదు" అని ఒకే గుక్కలో ఐదు మాటలు అనేవాడు. మావాడు కొయ్యబారిపోయేవాడు. తొమ్మిదో రోజు బాత్రూంలో దాక్కున్నాడు, పదో రోజు రాలేదు. తప్పు ఆ సూపర్‌వైజరుది కాదు, నాది. అప్పటి నుంచీ యజమానితో ఎంతసేపు మాట్లాడతానో, పక్కన నిలబడే మనిషితో అంతకు రెట్టింపు మాట్లాడతాను. ఒకసారికి ఒక మాట చెప్పమంటాను, చెప్పేకంటే చేసి చూపించమంటాను. పనిని పది పన్నెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఫోన్‌లో ఫోటో తీసి, అట్ట మీద వరుసగా అంటించి గోడకి పెడతాం. ఆఖరి ముక్క ముందు నేర్పుతాం. అంటే డబ్బా అంతా నేను మడిచి చివరి మడత వాడితో వేయిస్తాను, పూర్తి చేసిన సంతోషం మొదటి రోజే దొరుకుతుంది. తర్వాత చివరి రెండు మడతలు, అలా వెనక నుంచి ముందుకి. ఇది మీరు ఇంట్లో దుప్పటి మడతతోనే మొదలుపెట్టవచ్చు.

మొదటి రెండు వారాలు ఎవరో ఒకరు పక్కన ఉండాలి. నాలాంటివాళ్లు దొరికితే మంచిది. పెదవాల్తేరులో లెబెన్‌షిల్ఫె లాంటి సంస్థల్లో, దగ్గర్లోని స్పెషల్ స్కూల్లో అడిగి చూడండి. ఎవరూ దొరకకపోతే అమ్మ కాకుండా, మేనమామో పెద్దనాన్న కొడుకో వెళ్తే నయం. అమ్మ పక్కన ఉంటే పిల్లాడు పిల్లాడిలాగే ఉంటాడు, తోటి పనివాళ్లు కూడా వాణ్ని అలాగే చూస్తారు.

మీరు అడగకపోయినా, ఇది చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. వినబడని పిల్లల ఇంట్లోవాళ్లు సైగల భాష నేర్చుకోవాలి, కనీసం తోబుట్టువులు. మా అమ్మ నేర్చుకోలేదు. తమ్ముడు ఆటోనగర్‌లో లేత్ మీద పదహారేళ్లుగా పనిచేస్తున్నాడు, మంచి చెయ్యి, కానీ పని దగ్గర గొడవైతే ఇంటికొచ్చి అమ్మకి చెప్పుకోలేకపోయేవాడు, నేను వచ్చేదాకా ఆగేవాడు. చూపు లేని పిల్లలకైతే తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఫోన్‌లో, ఎన్‌వీడీఏ కంప్యూటర్‌లో నేర్పించండి, రెండూ ఉచితం, తెలుగు కూడా చదువుతాయి. బ్యాంకుల్లో పనిచేస్తున్న చూపు లేనివాళ్లు చాలామందే ఉన్నారు. చక్రాల కుర్చీ వాడే పిల్లలైతే పనిచోట జీతం అడగకముందు టాయిలెట్ చూడండి. తలుపు వెడల్పు సరిపోక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా పనిచేసిన అమ్మాయి నాకు తెలుసు. కిడ్నీలో ఇన్‌ఫెక్షన్ వచ్చి మానేసింది.

పింఛను గురించి మీరు రాయలేదు కానీ ప్రతి ఇంట్లోనూ ఉండే టెన్షన్ అది. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000 అయింది. "ఉద్యోగంలో చేరితే పింఛను తీసేస్తారు, ఎందుకొచ్చిన గొడవ" అని పని మాన్పించినవాళ్లున్నారు. చేరకముందే సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీ దగ్గరికి వెళ్లి, ఎంత జీతం, ఏ రకం ఉద్యోగం అని చెప్పి అడగండి. పక్కింటివాళ్ల మాట మీద నిర్ణయం తీసుకోకండి. ఇబ్బంది వస్తే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. నా అభిప్రాయం అడిగితే, 6,000 కోసం పాతికేళ్ల పిల్లాణ్ని టీవీ ముందు కూర్చోబెట్టడం చాలా ఖరీదైన బేరం. ఆ పింఛను మీద ఇల్లు నడుస్తున్నవాళ్లకి ఈ మాట చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

సొంత వ్యాపారం పెట్టిద్దామని మీవారు అంటున్నారట. రాయితీ వడ్డీకి అప్పులు ఇచ్చే కేంద్ర దివ్యాంగుల ఆర్థిక సంస్థ ఉంది, తీసుకోవచ్చు. కానీ నేను చూసిన షాపుల్లో చాలావాటికి పేరు పిల్లాడిది, గల్లా దగ్గర కూర్చునేది నాన్న. పిల్లాడు పక్కన స్టూలు మీద కూర్చుని అదే ఫోను చూసుకుంటాడు. షాపు పెట్టాలంటే ముందు రెండేళ్లు ఇంకొకరి షాపులో పనిచేసి రానివ్వండి.

జీతం వచ్చాక కొత్త భయాలు మొదలవుతాయి. మొదటి జీతం మొత్తం మీరు తీసేసుకుని దేవుడి దగ్గర పెట్టి బీరువాలో దాచేయకండి. కొంత వాడి చేతిలో ఉండాలి, వాడు దాన్ని తప్పుగా ఖర్చుపెట్టాలి కూడా. నేను చేర్పించిన ఒకబ్బాయి మొదటి జీతం 7,500లో వెయ్యి రూపాయలు పెట్టి జగదాంబ దగ్గర కళ్లజోళ్లు నాలుగు కొన్నాడు. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడు. మీ మొదటి జీతంతో మీరేం కొన్నారని అడిగితే కాసేపు మాట్లాడలేదు. అయితే రెండు విషయాల్లో గట్టిగా ఉండండి. ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌లు ఉండకూడదు. "నీ ఖాతా, ఏటీఎం కార్డు కొన్నాళ్లు వాడుకుంటాం, రెండు వేలిస్తాం" అనే స్నేహితులు ఉండకూడదు. మోసగాళ్లు ఇలాంటి పిల్లల్నే వెతుక్కుంటారు, తర్వాత పోలీసులొచ్చేది ఖాతాదారు ఇంటికి. యూపీఐకి వేరే చిన్న ఖాతా పెట్టి, అందులో వారానికి సరిపడా డబ్బే ఉంచండి.

పనిచోట ఎగతాళి ఉంటుంది. అబద్ధం చెప్పను, ఉంటుంది. టీ తెమ్మని పదిసార్లు తిప్పుతారు, మాట అనుకరిస్తారు. కొంత వాడే తట్టుకోవడం నేర్చుకుంటాడు. కానీ చెయ్యి చేసుకున్నా, ఎవరైనా అసభ్యంగా తాకినా, నలుగురిలో కావాలని అవమానించినా చట్టం ఊరుకోదు. హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు ఉంది. ఏ స్పర్శ తప్పో, ఎవరికి చెప్పాలో పనికి పంపకముందే మాట్లాడండి. మగపిల్లాడు కదా అని వదిలేయకండి, మగపిల్లలకీ జరుగుతాయి, వాళ్లు ఇంకా ఆలస్యంగా చెబుతారు. రోజూ సాయంత్రం "పని ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అంటాడు. "ఇవాళ అన్నం ఎవరి పక్కన తిన్నావు" అని అడగండి. ఆ జవాబు మారిన రోజు జాగ్రత్తగా వినండి.

ఇంకొక్క సంగతి, మీ గురించి. వాడు పనికి వెళ్లడం మొదలుపెట్టాక మొదటి నెల మీకు ఏమీ తోచదు. ఇరవై ఏళ్లుగా వాడి చుట్టూ తిరిగిన ఇల్లు ఖాళీగా కనిపిస్తుంది. ఇద్దరు తల్లులు ఆ ఖాళీ భరించలేక ఏదో వంక పెట్టి పిల్లల్ని మాన్పించేశారు, తర్వాత వాళ్లే నాతో చెప్పుకున్నారు. అందుకని మీ పొద్దుటిపూటకి కూడా ఏదో ఒకటి ఇప్పుడే చూసుకోండి. డ్వాక్రా సంఘమో, కుట్టుమిషనో, అక్కకి పెళ్లి పనులో.

మీరు కొన్ని విషయాలు రాయలేదు. అబ్బాయి పొద్దున ఎన్నింటికి లేస్తాడు? లెక్క ఎంతవరకు వచ్చు, వంద రూపాయల నోటిచ్చి 35 రూపాయల వస్తువు కొంటే చిల్లర సరిచూసుకోగలడా? శబ్దాలంటే ఇబ్బందా? మూర్ఛ లాంటివి ఏమైనా ఉన్నాయా, మందులు వాడుతున్నాడా? మూర్ఛ ఉంటే మెషిన్ల దగ్గర, ఎత్తులో పనులు వద్దు, మిగతావి డాక్టర్ని అడిగి చేయించొచ్చు. ఇవి రాస్తే గాజువాక, ఆటోనగర్ వైపు నాకు తెలిసిన చోట్లలో ఏది సరిపోతుందో చెబుతాను. ఈలోగా రేపు పొద్దున పాల ప్యాకెట్లకి వాణ్నే పంపండి, మీరు గుమ్మంలో నిలబడకుండా లోపల ఉండండి.